సిలోయము గోపురం, కోలారు గని



ఏ పార్టీకి ఓటేయాలి, పేదలకిచ్చే పింఛను సరైనదా, రిజర్వేషన్లు ఉండాలా వద్దా... ఇవన్నీ బాగా ఆలోచించే తేల్చుకున్నామని మనం అనుకుంటాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జోనాథన్ హైట్ 2012లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని ఒప్పుకోలేదు. మన లోపలి స్పందన ఏనుగు లాంటిది, తర్కం దాని మీద కూర్చున్న మావటి లాంటిది అన్నాడు. ఏనుగు ముందే ఒక పక్కకు మళ్లుతుంది. ఎందుకు మళ్లిందో మావటి తర్వాత కారణాలు చెబుతాడు. ఈ పోలిక కాస్త ఎక్కువైందని మాకనిపిస్తుంది, మనుషులు మనసు మార్చుకోవడం కూడా చూస్తున్నాం కదా. అయినా మన కోలారులో దీన్ని పరీక్షించి చూడొచ్చు.

కె.జి.ఎఫ్. సంగతే తీసుకోండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఈ నూట ఇరవై ఏళ్లూ తమిళ జిల్లాల నుంచి, మన చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు గనుల్లోకి దిగాయి. వారిలో ఎక్కువమంది దళితులే. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. ఆ రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో మంచం పట్టినవాళ్లున్నారు. గని మూసేశాక వాళ్ల పిల్లలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నారు.

గని ఎందుకు మూతపడింది? లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది, టన్ను రాయికి దొరికే బంగారం తగ్గింది. కానీ మందిరాల బయట, పెళ్లి భోజనాల దగ్గర వినిపించేది వేరు. తాగి పాడు చేసుకున్నారంటారు. యూనియన్లు ముంచాయంటారు. చదువుకొని ఉంటే ఈ గతి పట్టేదా అంటారు. ఈ మాటల్లో అక్కడక్కడా నిజం ఉండొచ్చు. మా ప్రశ్న అది కాదు. కష్టంలో ఉన్నవాడిలో తప్పు వెదకడానికి మన మనసుకు అంత తొందర ఎందుకు?

1966లో మెల్విన్ లెర్నర్, కారొలిన్ సిమన్స్ ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకామె తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ తగులుతున్నట్టు చూపించారు. నిజానికి అది నటనే. చూస్తున్నవాళ్లకు దాన్ని ఆపే వీలు లేనప్పుడు ఆమె మీద జాలి నిలవలేదు. ఆమె అంత మంచి మనిషి కాదన్నట్టు చూడడం మొదలుపెట్టారు. ఆమెను ఆ బాధ నుంచి తప్పించే అవకాశం ఇచ్చినప్పుడు మాత్రం దాదాపు అందరూ తప్పించారు. లోకం న్యాయంగానే నడుస్తోందని నమ్మితే మనకు నిద్ర పడుతుంది. ఆ నిద్ర కోసం బాధితుడిని దోషిని చేస్తాం. పింఛను దండగ అనే ఆర్థిక సిద్ధాంతం చాలామందిలో పుట్టేది అక్కడే.

యోబు స్నేహితులు చేసిందీ ఇదే. పుట్టు గుడ్డివాడిని చూసి, ఎవరు చేసిన పాపమని శిష్యులు అడిగిందీ ఇదే. లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ప్రభువు తానే ఎత్తాడు. వాళ్లు మిగతా యెరూషలేమువాళ్లకంటే పాపాత్ములేమీ కారన్నాడు. గనిలో బండ పగిలి మీద పడిన మనిషి గురించి కూడా ఈ మాట చెప్పుకోవాలి.

విలువలు మనల్ని ఎప్పుడూ పక్కదారి పట్టిస్తాయని కాదు. 1930లో కె.జి.ఎఫ్. కార్మికులు మూడు వారాలు పని మానేశారు. కూలి కోసం కాదు, తమ వేలిముద్రలు తీసుకోవాలన్న కంపెనీ నిర్ణయం మీద. వేలిముద్రలు నేరస్థుల దగ్గర తీసుకుంటారు. లాభనష్టాల లెక్కే మనిషిని నడిపిస్తుందనేవాళ్లకు ఆ సమ్మె అర్థం కాదు. పస్తులుండడానికైనా సిద్ధపడ్డారు గానీ దొంగలమనిపించుకోవడానికి సిద్ధపడలేదు.

ఇక కంబాలపల్లి. చింతామణి తాలూకాలోని ఈ ఊరు అప్పట్లో మన జిల్లాలోనే ఉండేది. 2000 మార్చి 11న అక్కడ ఏడుగురు దళితులను ఇంట్లో ఉండగానే కాల్చేశారు. సాక్షులు ఎదురు తిరిగారు. 2006లో నిందితులందరినీ కోర్టు విడిచిపెట్టింది, 2014లో హైకోర్టూ అదే ఖాయం చేసింది. ఉన్న వ్యవస్థ మంచిదేనని నమ్మాలనే కోరిక అణగారినవాళ్లలోనూ ఉంటుందని సికింద్రాబాదులో పెరిగిన మహజరీన్ బానాజీ, జాన్ జోస్ట్ 1994లో రాశారు. కంబాలపల్లికి ఆ మాట అతికించడం మాకిష్టం లేదు. కూలి ఇచ్చే చెయ్యి, చంపే చెయ్యి ఒకే వీధిలో ఉన్నచోట మౌనానికి మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు, భయం చాలు. ఆ వివరణ సరిపోయేది దూరంగా, క్షేమంగా ఉన్న మనకు. ఏదో పాత కక్ష అయ్యుంటుందిలే అనుకొని పేపరు మడిచినవాళ్లకు.

లెర్నర్ ప్రయోగంలో రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు. చేయడానికి ఏదైనా ఉన్నప్పుడు మనుషులు నిందించడం మానేశారు. మన సంఘాల్లో కె.జి.ఎఫ్. కోసం ప్రార్థన చేయిస్తాం గానీ, సిలికోసిస్ పరిహారం దరఖాస్తు నింపడం ఎవరికీ నేర్పించం.

ఇప్పుడు చిన్న గుంపులుగా కూర్చుందాం. మీ వీధిలో కష్టంలో ఉన్న ఒక ఇంటి గురించి జనం చెప్పే కారణం ఒక పక్క రాయండి. రెండో పక్క ఆ ఇంటికి వచ్చే ఆదాయం, అప్పు, జబ్బు రాయండి. పేర్లు రాయొద్దు.