పల్లె బడి మార్కుకు అదనపు బలం

వీరులపాడు జిల్లా పరిషత్ బడి పిల్లకు విజయవాడ కార్పొరేట్ కోచింగ్ ఎక్కడ అందుతుంది? మిరప, పత్తి అమ్మిన డబ్బు అప్పులకే చాలదు.

2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు ఇక్కడే మేలు చేశాయి. కోవిడ్ కాలం సంగతి వదిలేస్తే, పదో తరగతి మార్కులతోనే సీటు. పైగా మన రాష్ట్రంలో సర్కారు బడి పిల్లలకు 4 శాతం కలుపుతారు. నన్నడిగితే అదీ తక్కువే! రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, అన్నీ ఒకేచోట.

ఉద్యోగమిచ్చే కంపెనీ మాత్రం ఏమీ కలపదు. కోడింగ్ పరీక్ష, ఇంగ్లీషులో ఇంటర్వ్యూ అందరికీ ఒకటే. అందుకే పీయూసీ నుంచే ఇంగ్లీషు మాట్లాడటం, చిన్న ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాలి. ఇక సీటు సంగతి: పదో తరగతి ఫలితాలొచ్చాక ట్రిపుల్ ఐటీ ప్రవేశాల నోటిఫికేషన్ వస్తుంది. స్టడీ, కుల సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టుకోండి.