పాటిగడ్డ మీద నేను పెట్టిన నోటు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పవలసిందంతా కార్యదర్శి గారు చెప్పారు. నన్ను "పాత సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. నా దగ్గర రెండు వేల ఏళ్ల నాటి సంగతి ఒకటి ఉంది. అందులో నా తప్పు కూడా ఉంది కనుక చెప్పే తీరాలి.

1972లో నేను కరీంనగర్ జిల్లాలో ఒక తాలూకా కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. ఎండాకాలం వస్తే రైతులు పాటిమన్ను తోలుకుంటామని అర్జీలు పెట్టేవారు. పాటిగడ్డ అంటే పూర్వం ఊరుండి పాడుబడిన దిబ్బ. ఏండ్ల తరబడి బూడిద, పేడ కలిసిన మన్ను కనుక పొలానికి మంచి బలం. అలాంటి ఒక అర్జీ మీద నేను ఇలా నోటు పెట్టాను: "సదరు దిబ్బపై కుండ పెంకులు తప్ప విలువైనవేవీ లేవు. అనుమతికి అభ్యంతరం లేదు." పై అధికారి సంతకం చేశారు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉందని నాకు తెలుసు. పెంకులకు పది పైసలు కూడా రావు కదా అనుకున్నాను.

మరుసటి ఏడు ఒక మిత్రునితో కలిసి పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు వెళ్లాను. అక్కడ డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ వారు 1960ల చివరి నుండి తవ్వకాలు జరుపుతున్నారు. నేను బంగారం చూడవచ్చని పోయాను. అక్కడ కనిపించినవి పెంకులు! చదరంగా గీసిన గుంతల్లో కూలీలు పొర పొరగా మన్ను గీకుతున్నారు. వచ్చిన ప్రతి పెంకును సంచిలో వేసి, ఏ గుంత, ఏ పొర అని చీటీ కడుతున్నారు. నాకు మా రికార్డు రూము గుర్తుకొచ్చింది. తేదీ, నంబరు లేని కాగితం ఏ ఫైలుకూ పనికిరాదు. పొర తెలియని పెంకు కూడా అంతే.

కూలీల్లో ఒక కుమ్మరి పెద్దమనిషి ఉన్నాడు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకును చేతిలో తిప్పి చూస్తున్నాడు. రెండు రంగులు పూశారా అని అడిగాను. నవ్వాడు. "పూసుడు గాదు సారూ. కుండను బోర్లించి, లోపట పొట్టు పెట్టి కాల్చిన్రు. లోపట పొగ ఆగింది, బయట గాలి తాకింది. గంతే" అన్నాడు. తరువాత పుస్తకాల్లో చూస్తే పండితులు రాసిందీ అదే.

పెద్దబంకూరులో ఇటుక ప్రాకారాలు, ఇటుక బావులు, మట్టి ఒరల బావులు, కమ్మరి కొలిమి ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇరవై వేలకు పైగా శాతవాహన నాణేలు దొరికాయి. నాణెం రాజు పేరు చెబుతుంది. ఆ రాజ్యంలో మామూలు మనిషి ఎందులో వండుకున్నాడో, నీళ్లు దేంట్లో దాచుకున్నాడో చెప్పేది పెంకే.

ఇది మన దగ్గరి మాట మాత్రమే కాదు. ఇటలీలో రోమనులకు ముందు వెలిగిన ఎట్రుస్కనులు అనే జాతి వారు గాలి చొరకుండా మూసిన ఆవంలో కాల్చి, నల్లగా నిగనిగలాడే పాత్రలు చేశారు. మన కుమ్మరి చెప్పిన పొగ కిటుకే. మూర్లో అనే ఊరి దగ్గర వారి కార్ఖానా ఒకటి 1966 నుండి తవ్వుతున్నారు. దాదాపు 2600 ఏళ్ల కింద అది నిప్పంటుకుని కాలిపోయింది. ఆరబెట్టిన పచ్చి పెంకుల మీదుగా పనివాళ్లు పరుగెత్తారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. అడుగులు మాత్రం మట్టిలో నిలిచిపోయాయి.

పెద్దబంకూరు నుండి వచ్చిన వారానికి నేను నోటు పెట్టిన ఆ పాటిగడ్డ దగ్గరికి పోయాను. సగం దిబ్బ లేదు. చుట్టూ చెలకల్లో ఎర్రవి, నల్లవి పెంకులు చెదిరి ఉన్నాయి. ఏది ఏ పొరదో ఇక ఎవరూ చెప్పలేరు. అది ధూళికట్ట వంటి కోటో, చిన్న పల్లెటూరో, నాలుగు కుమ్మరి ఇండ్లో తెలియకుండానే పోయింది. రైతుల తప్పేమీ లేదు, వాళ్లు అడిగే తోలుకున్నారు. "విలువైనవేవీ లేవు" అని రాసిన చెయ్యి నాది.

గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది, ఏరు దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. శాతవాహనుల మూలపురుషుడైన చిముకుని నాణేలు దొరికిన చోటు అది. అటువంటి దిబ్బను కూడా నాబోటి గుమాస్తా ఒక్క వాక్యంతో పొలాల పాలు చేసి ఉండవచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మిత్రులారా! మనలో వీఆర్వోలుగా, సర్వేయర్లుగా, టీచర్లుగా రెండు జిల్లాల్లో ఊరూరా తిరిగిన వారున్నారు. ఏ ఊరి పక్కన పాటిగడ్డ ఉందో మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. 2016లో జిల్లాలు చీలి పేర్లు మారినా దిబ్బలు కదలలేదు. జేసీబీ ఒక్క రోజులో ఎత్తుకుపోయే కాలమిది. మీకు తెలిసిన దిబ్బల పేర్లు ఒక కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వండి. అన్నీ జాబితా చేసి పురావస్తు శాఖకు అర్జీ పెడదాం. ఆ అర్జీ నేనే రాస్తాను. వెనుకటి నోటుకు అదే నా సవరణ.