పలకని నోడు పోయినట్టేనా?

లెక్కల మాస్టారి పేరిట పత్తికొండలో జరిగే ఉపన్యాసానికి కంప్యూటర్ల గొడవ దేనికని మీకు అనిపించవచ్చు. ఇదీ లెక్కే. రెండు చుక్కల మధ్య గీత ఉందా లేదా అన్న లెక్క.

పూర్తి పీర్-టు-పీర్ పద్ధతిలో పెత్తనం చేసే సర్వర్ ఉండదు. ఇళ్లలోని కంప్యూటర్లే (వీటినే నోడ్లంటారు) ఒకదానికొకటి చిరునామాలు చెప్పుకుని, ఉన్న ఇంటర్నెట్ మీదే తమదైన అల్లిక అల్లుకుంటాయి. అదే ఓవర్‌లే. అందులో కబురు చేతులు మారుతూ సాగుతుంది. మన ఎర్రగుడి బండ మీద అశోకుడి ఆజ్ఞ కూడా ఇలా అంచెలంచెలుగా దిగుతుంది: ముందు రాజుకుడనే అధికారికి, అతని నుంచి భేరి మోతతో జానపదులకు. కాకపోతే అక్కడి అంచెలు స్థిరం, ఇక్కడి నోడ్లు గంటకొకటి మాయం.

నోడ్ల ఈ రాకపోకలను 2001లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో స్టెఫాన్ సరోయు, కృష్ణ గుమ్మడి, స్టీవెన్ గ్రిబుల్ కొలిచారు. నాప్‌స్టర్, నుటెల్లా అనే ఫైళ్లు పంచుకునే వ్యవస్థల నోడ్లకు కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్ పంపి చూశారు. ఒప్పుకుంటే ప్రోగ్రాం నడుస్తున్నట్టు. తిరస్కరిస్తే యంత్రం ఉంది, ప్రోగ్రాం లేదు. ఏ జవాబూ రాకపోతే? ఆపేసి ఉండవచ్చు, ఫైర్‌వాల్ వెనక నిక్షేపంగానూ ఉండవచ్చు. ఈ రెంటినీ ఒకే గడిలో వేయక తప్పలేదు. ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చిన గడి అదే. సెషన్లలో దాదాపు సగం, ఒక గంటలోపే ముగిశాయని కూడా తేలింది.

ఆ కొలతలు ఊరికే పోలేదు. ఎక్కువసేపు నిలిచిన నోడే ఇంకో గంట నిలిచే అవకాశం ఎక్కువని వాటి నుంచే చూపి, 2002లో మేమౌంకోవ్, మాజియేర్ కడెమ్లియా అనే ఓవర్‌లేను కట్టారు. అందులో ప్రతి నోడూ తోటివాళ్ల జాబితా ఉంచుకుంటుంది. ఆ జాబితా నిండాక కొత్త నోడు వస్తే, జాబితా గల నోడు చాలాకాలంగా పలకని పాతదాన్ని ముందు పింగ్ చేస్తుంది. పాతది పలికితే కొత్తదానికి చోటు లేదు. బిట్‌టొరెంట్‌లో ట్రాకర్ లేకుండా తోటివాళ్లను వెతికే ఏర్పాటుకు ఇదే పునాది.

ఇంతవరకూ నాకూ ఇంకొకరికీ ఉన్న దారి సంగతి. మన చేతిలో లేని 'అ', 'ఆ' అనే రెండు యంత్రాల మధ్య దూరం కొలవడమెలా? అదే ఏడాది వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని ఆ ముగ్గురే కింగ్ అనే ఉపాయం చెప్పారు. 'అ' దగ్గరి, పేర్లకు చిరునామాలు చెప్పే నేమ్ సర్వర్‌ని, 'ఆ' దగ్గరి నేమ్ సర్వర్ పరిధిలోని పేరు అడగాలి. అది వెళ్లి కనుక్కుని వస్తుంది. మొత్తం సమయంలోంచి మనకూ 'అ' దగ్గరి సర్వర్‌కూ పట్టే సమయం తీసేస్తే, మిగిలింది ఆ రెండు సర్వర్ల మధ్య దూరం; యంత్రాల మధ్య దూరమూ దాదాపు అంతే. రెండు చోట్లా మన ప్రోగ్రాం ఒక్కటీ పెట్టనక్కర్లేదు. మాస్టారు విని ఉంటే బల్ల మీద చరిచేవారు.

కార్నెల్‌లో దాస్, గుప్తా, మోతీవాలా రాసిన స్విమ్ పద్ధతి పలకని నోడు విషయంలో మరో మెట్టు ఎక్కింది. అందులో నేనొక నోడు అనుకోండి: నేను పిలిచినప్పుడు ఇంకో నోడు పలకకపోతే, పోయిందని చాటను. ఇంకొందరిని పిలిచి చూడమంటాను. అప్పటికీ పలకకుంటే 'అనుమానం' అని మాత్రమే ప్రకటిస్తాను. బతికే ఉన్నానని ఖండించడానికి ఆ నోడుకు గడువిస్తాను.

జామెట్రీ తర్కం ఇక్కడ చెల్లదు. 'అ' నుంచి 'ఆ'కు, 'ఆ' నుంచి 'ఇ'కి దారి ఉన్నంత మాత్రాన 'అ' నుంచి 'ఇ'కి ఉండాలని లేదు. ఈ ఊళ్లోనే ఒకే టవర్ కింద ఇద్దరి ఫోన్లు తీసుకోండి. కంపెనీ ఎందరికో ఒకే బయటి చిరునామా పంచితే, లోపలి నుంచి బయటికి పిలవవచ్చు, బయటినుంచి లోపలికి కుదరదు. ఇద్దరూ మధ్యలో ఒక సర్వర్ ద్వారా ఒకరి బయటి చిరునామా ఒకరు తెలుసుకుని, ఒకేసారి ప్యాకెట్లు పంపుకుంటే కొన్నిసార్లు దారి తెరుచుకుంటుంది. లేకుంటే మాటంతా రిలే సర్వర్ మీదుగా తిరిగి రావాలి. ఐపీవీ6తో ప్రతి ఫోనుకూ సొంత చిరునామా వచ్చినా ఫైర్‌వాల్ మాత్రం ఉండవచ్చు. జవాబు రాని ఆ గడిలో ఇప్పటికీ రెండు కారణాలూ కలిసే ఉన్నాయి.