మూడో ఏడు: వార్డులల్ల మన పిల్లలు, మంచాల మీద మనవాళ్లు

(ఏప్రిల్ జయంతుల సందర్భంగా నిజామాబాద్‌లో మెడిసిన్ చదువుతున్న దళిత విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, బోధన్ చుట్టుపక్కల గ్రామాల కార్యకర్తలు కూర్చున్న సమావేశంలో ఒక దళిత డాక్టరు చేసిన ప్రసంగ పాఠం.)

 

నన్ను పిలిచినవాళ్లు "మూడో సంవత్సరం వార్డు పోస్టింగుల గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పు సార్" అన్నరు. ఆ మాట వినంగనే ఊళ్ల నుంచి వచ్చిన పెద్దమనుషులు ఒకరి మొఖం ఒకరు చూసుకుంటున్నరు, మాకెందుకు ఈ ముచ్చట అని. ఓపిక పట్టుండ్రి. ఇందులో మీ పని కూడా ఉన్నది.

ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేండ్ల చదువు, ఆ తర్వాత ఏడాది హౌస్ సర్జన్. మొదటి ఏడు శవాన్ని కోసి నేర్చుకునుడు. రెండో ఏడు మందులు, రోగాలు, కొద్దికొద్దిగా వార్డుకు పోవుడు. మూడో ఏడు వచ్చేసరికి పొద్దున పూట వార్డులోనే గడుస్తది. క్లాసును రోల్ నంబర్ల లెక్కన బ్యాచ్‌లుగా విడగొట్టి మెడికల్, సర్జికల్, కాన్పుల వార్డు, పిల్లల వార్డు, కండ్లు, చెవి-ముక్కు-గొంతు, ఎముకలు, చర్మం, మానసికం అని తిప్పుతరు. ఒక్కోచోట రెండు వారాలు, నాలుగు వారాలు. హాజరు ఎనభై శాతం తగ్గితే పరీక్షకు కూర్చోనియ్యరు.

ఏ వార్డు ముందు, ఏ వార్డు వెనుక అనేది మన చేతుల లేదు. లిస్టు నోటీసు బోర్డు మీద పడుతది. అమెరికాలో మూడో ఏడు విద్యార్థులు ఈ వరుసను కొంతవరకు కోరుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. మరి ప్లాన్ చేసేది ఏముంది అని అడుగుతరు మన పిల్లలు. ఆ నాలుగు వారాలు ఏ మంచం దగ్గర నిలబడతవు, రోగిని ఏమడుగుతవు, ఎవరి దగ్గర పని నేర్చుకుంటవు, ఇవన్నీ నీ చేతుల ఉన్నయి. వీటికి ప్లాన్ లేకపోతే మూడో ఏడు డాక్టర్ల వెనుక నడిచే ఊరేగింపు అయితది, అంతే.

నా ముచ్చట ఒకటి చెప్త. సిగ్గుపడవలసిన ముచ్చటే. మా నాయన చెరుకు పిప్పి లారీలకు ఎత్తే కూలి. సీజన్ల ఇంటికి వస్తే తల మీద, మీసాల మీద ఆ పొట్టే ఉండేది. దగ్గు, ఆయాసం, సాయంత్రం పూట జర్రంత జరం. "దుమ్ము పట్టింది, బెల్లం తింటే పోతది" అనేటోడు. నేను తొంభైలల్ల మూడో ఏడు చదువుతున్నప్పుడు సామాజిక వైద్యం పుస్తకంలో ఒక పాఠం వచ్చింది, బగసోసిస్ అని. నిలవ ఉండి బూజు పట్టిన చెరుకు పిప్పి దుమ్ము ఊపిరితిత్తులల్లకు పోయి వచ్చే జబ్బు. మన దేశంలో మొదటిసారి 1955లో కలకత్తా దగ్గర అట్టల ఫ్యాక్టరీ కార్మికులల్ల కనిపించింది. దగ్గు, ఆయాసం, కొంచెం జ్వరం. మొదట్లోనే పట్టుకుని ఆ దుమ్ముకు దూరం చేస్తే తగ్గుతది, వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడతయి. పిప్పి మీద రెండు శాతం ప్రొపియోనిక్ ఆసిడ్ చల్లితే బూజు పట్టదు. ఇదంతా నేను బట్టీ పట్టిన. పరీక్షల రాసిన. ఐదు మార్కులకు నాలుగు పడ్డయి.

సంక్రాంతికి ఇంటికి పోయి మా నాయన పక్కన కూర్చుని తిన్న. ఆయన దగ్గుతున్నడు. పుస్తకంలో చదివింది ఈ మనిషి గురించేనేమో అన్న ఆలోచన నాకు తట్టలే. ఆయనది ఆ జబ్బే అని ఈరోజు కూడా నేను చెప్పలేను. ఎందుకంటే ఎవరూ ఎక్స్‌రే తియ్యలే, ఎవరూ అడగలే. డాక్టరు చదువుతున్న కొడుకే అడగలే. ఆయన పోయినంక చాలా ఏండ్లకు ఎవరికో ఆ పాఠం చెప్తుంటే మధ్యల నోరు ఆగిపోయింది.

1700లో ఇటలీలో రామజ్జిని అనే డాక్టరు పనుల వల్ల వచ్చే రోగాల మీద పుస్తకం రాసిండు. రోగి దగ్గర పాతకాలం నుంచి అడిగే ప్రశ్నలకు ఇంకొకటి కలపమన్నడు: నువ్వు ఏం పని చేస్తవు? మూడు వందల ఏండ్లు దాటింది. మన వార్డులల్ల కేస్ షీట్ మీద ఆ గడిలో "కూలి" అని ఒక్క ముక్క రాసి ముందుకు పోతరు. ఏం కూలి? చెరుకు కొట్టే కూలా, పసుపు ఉడకబెట్టే కూలా, మోరీ తీసే కూలా? ఇంట్ల కూర్చుని బీడీలు చుట్టే ఆడమనిషి ముందల "గృహిణి" అని రాస్తరు. పొగాకు చాట ముందల పెట్టుకుని ముప్పై ఏండ్లు వంగి కూర్చున్న మనిషి గృహిణి! బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. అక్కడ పనిచేసిన మనిషి ముసలోడై మెడికల్ వార్డుకు ఇప్పటికీ వస్తడు. "ఏం పని చేసినవే పెద్దయ్యా, ఎన్నేండ్లు చేసినవు?" అని మంచం పక్కన కూర్చుని అడుగు. మెడికల్ పోస్టింగ్‌కు నేను చెప్పే మొదటి ప్లాన్ ఇదే.

కండ్ల పోస్టింగ్ అంటే మన పిల్లలకు అలుసు. ఓపీల టార్చ్ పట్టుకుని నిలబడుడే గదా అంటరు. చెరుకు కొట్టేటప్పుడు ఆకు కంటికి కోసుకుంటది. వరి కోతలప్పుడు గింజ తాకుతది. ఆ గీత నుంచి బూజు లోపలికి పోయి నల్లగుడ్డు మీద పుండు అయితది. మనోళ్లు ఏం చేస్తరు? చనుబాలు పోస్తరు, ఆకు పసరు పిండుతరు, లేకపోతే మందుల షాపుల చుక్కల మందు అడుగుతరు. షాపోడు ఇచ్చేదాంట్ల స్టెరాయిడ్ ఉంటే కన్ను ఎర్రదనం తగ్గినట్టు కనిపిస్తది, లోపల బూజు మాత్రం ఇంకింత పెరుగుతది. పుండును జర్రంత గీకి మైక్రోస్కోపు కింద చూస్తే చెరుకు కూలి కన్ను దక్కుతది. ఆ గీకుడు, ఆ చూసుడు కండ్ల పోస్టింగ్‌లనే నేర్చుకోవాలె. టార్చ్ పట్టుకున్న చెయ్యి ఖాళీగ ఉండొద్దు.

మానసిక వార్డు రెండు వారాలు చాలామంది ఎగ్గొడతరు. 2015ల కల్తీ కల్లు మీద సర్కారు దాడులు చేసినప్పుడు మన జిల్లాల ఏమైందో పెద్దలకు యాదికుండాలె. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్‌ప్రజోలామ్ కలిపిన కల్లుకు అలవాటు పడ్డ మనుషులు ఒక్కసారి అది దొరకక వణుకు, ఫిట్స్, పిచ్చిమాటలతోని ఆసుపత్రికి వచ్చిండ్రు. ఊళ్ల వాళ్లు దయ్యం పట్టింది అనుకున్నరు. వచ్చినోళ్లు ఎవరు? పొద్దంతా ఒళ్లు హూనమై సాయంత్రం కల్లు దుకాణం తప్ప ఇంకో దిక్కు లేనోళ్లు. ఆ రెండు వారాలు ఎగ్గొట్టే ముందు ఇది యాదికి తెచ్చుకోండ్రి.

ఇక అసలు గొడవకు వస్త. రౌండ్సుల మనల్ని వెనుక వరుసకు నెట్టుడు ఉంటది. నాకు ఒక ప్రొఫెసర్ ఉండేటోడు. కాలేజీ పేరు వద్దు. మంచి కేసు వస్తే వేరేవాళ్లను పిలిచేటోడు, నాకు ఫైళ్లు మోసే పని. "నువ్వు కోటా గదా" అని పేషెంట్ల ముందే అనేటోడు. ఇది నా ఒక్కని ఏడుపు కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల బాధల మీద 2006లో సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేసిండ్రు. హాస్టల్‌లో, క్లాసులో, ప్రాక్టికల్ పరీక్షల్లో వివక్ష ఉన్నదని 2007లో అది నివేదిక ఇచ్చింది. 2019లో ముంబైలో పాయల్ తడ్వి, 2023లో వరంగల్‌లో ప్రీతి, ఇద్దరు ఆదివాసీ, లంబాడా ఆడబిడ్డలు పీజీ చదువుతూ పోయిండ్రు, సీనియర్ల మీద వేధింపుల కేసులు నమోదైనయి. ఇక్కడ కూర్చున్న తల్లుల గుండెల్లో ఏమున్నదో నాకు తెలుసు.

అందుకే తమ్ముళ్లారా, లాగ్ బుక్ సంగతి పట్టించుకోండ్రి. ఫలానా పని చూసిండు, చేసిండు అని అందులో టీచర్ సంతకం ఉండాలె. ఏ రోజు పని ఆ రోజే రాసి సంతకం అడుగు. పోస్టింగ్ అయిపోయినంక పోతే నిన్ను గుర్తు పట్టరు. ఎవరైనా కులం పెట్టి మాట అంటే తేదీ, టైము, పక్కన ఎవరున్నరో రాసి పెట్టుకో. ఒక్కనివే మింగి హాస్టల్ గదిల పడుకోవద్దు. పొద్దున దొరకని పని రాత్రి దొరుకుతది. నాకు కాన్పు చేయించుడు నేర్పింది రాత్రి డ్యూటీ సిస్టరమ్మ. ఆమె "చేతులు కడుక్కొని రా బిడ్డా" అన్నది. అంతవరకు ఆ వార్డుల నన్ను ఎవరూ బిడ్డా అనలే.

ఇంకొకటి, మీకు లేనిది ఇంగ్లీషే. ఉన్నదేందో మీకు తెలుస్తలేదు. పెయ్యి నొప్పులు, దమ్ము, పసిరికలు, తెల్లబట్ట, కండ్లకు చీకట్లు కమ్ముడు: ఈ మాటలతోని రోగి రోగం చెప్తది. కార్పొరేట్ స్కూలు పిల్లగాడు అవి అర్థం కాక సిస్టర్ దిక్కు చూస్తడు. నువ్వు చూడవు. ఆమె మాట ఆమె మాటలనే రాసుకో, పక్కన ఇంగ్లీషు పదం రాసుకో. నెల తిరిగేసరికి కేసు చెప్పుడు నీకు భయం ఉండదు.

ఇప్పుడు ఊరోళ్ల పని. నిజామాబాద్‌లో సర్కారు మెడికల్ కాలేజీ 2013లో మొదలైంది. అంతకుముందు మన పిల్లలు ఈ చదువుకు జిల్లా దాటి పోవలసి వచ్చేది. ఇయ్యాల మెడిసిన్ చదివే ప్రతి విద్యార్థి ఊళ్లల్ల కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని మూడో ఏడు దాకా వచ్చి చూడాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన పెట్టింది. మూడు నుంచి ఐదు కుటుంబాలు. బీపీ, షుగర్, రక్తం తక్కువ ఉన్నదా చూడాలె, అవసరముంటే పెద్ద దవాఖానకు పంపాలె. మరి కాలేజీ బస్సు ఎక్కడ ఆగుతది? పంచాయతీ ఆఫీసు కాడ. అక్కడి నుంచి పిల్లలను ఎవరి ఇండ్లకు తీసుకపోతరు? దగ్గరున్న ఇండ్లకు. వాడ దాకా ఎవరు నడుస్తరు? బస్సు వచ్చిన రోజు మీరు అక్కడ ఉండుండ్రి. "మా మాదిగవాడ, మాలవాడ ఇండ్లు కూడా రాసుకోండ్రి సార్" అని అడుగుండ్రి. బీడీలు చుట్టే ఇల్లు ఒకటి, చెరుకు కొట్టే ఇల్లు ఒకటి చూపించుండ్రి. వచ్చిన పిల్లలు ఏ కులమైనా కుర్చీ వెయ్యుండ్రి, చాయ ఇయ్యుండ్రి. తాగుతరో లేదో మీకే తెలుస్తది.

బోధన్, ఎడపల్లి దిక్కు నుంచి వచ్చిన కార్యకర్తలు మీటింగ్ అయినంక ఉండుండ్రి. మీ వాడల్ల దగ్గు, ఆయాసం ఉన్న పెద్దమనుషుల పేర్లు, వాళ్లు ఏ పని ఎన్నేండ్లు చేసిండ్రో ఒక నోటుబుక్కుల రాసుకురాండ్రి. నెలకు ఒక ఆదివారం నేను వస్త. మూడో ఏడు పిల్లలు నాతోని వస్తరు. ముందు వాళ్లు అడుగుతరు, నేను పక్కన కూర్చుంట.

జై భీమ్.