గ్రాఫు కాగితం మీద గుండె

మిత్రులారా, నేను డాక్టర్ని కాను, ఇంజినీరుని. అయినా ఈసీజీ గురించి మాట్లాడమంటే ఒప్పుకున్నాను. లెక్కల మాస్టారు మన చేత గీయించిన గ్రాఫు లాంటిదే అది.

అడ్డంగా కాలం, నిలువుగా వోల్టేజి. కాగితం మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే చిన్న గడి 0.04 సెకను, అయిదు చిన్న గళ్ల పెద్ద గడి 0.2 సెకను. నిలువున పది చిన్న గళ్లు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటు సెల్లులో సుమారు వెయ్యో వంతు! అంత చిన్నదాన్ని పట్టే యంత్రం చేసిన ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ ఇచ్చారు.

మొదటి చిన్న గుట్ట పి, గుండె పై గదులది. నిటారు శిఖరం క్యూఆర్ఎస్, కింది గదులది. చివరి గుట్ట టి, కింది గదులు మళ్లీ సిద్ధమవడం. రెండు శిఖరాల మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో చూసి, 300ను ఆ సంఖ్యతో భాగిస్తే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వస్తుంది. నాలుగు గళ్లయితే 75. లయ తప్పిన గుండెకు ఈ లెక్క కుదరదు.

శిఖరానికీ టికీ మధ్య గీత మీదే డాక్టర్ల కన్ను. గుండెపోటులో అది పైకి లేవచ్చు, కిందికి దిగొచ్చు, అసలు మారకపోనూవచ్చు. నేను చెప్పదలచింది ముఖ్యంగా ఈ చివరి మాటే. మన బ్యాచి అంతా యాభై దాటాం. ఛాతీలో బరువు, చెమట, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే, మొదటి ఈసీజీ నార్మల్ అని వచ్చినా ఇంటికి బయల్దేరకండి. అది ఆ కొద్ది సెకన్ల సంగతే. కాసేపాగి మళ్లీ తీస్తారు, రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. "గ్యాసేలే" అని సోడా తాగి పడుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు, పేర్లు చెప్పను.

పాత ఈసీజీలు పారేయకండి. కొత్తదాన్ని పక్కన పెట్టి పోల్చడానికి డాక్టరుకు అవే ఆధారం. చాలావరకు వేడికి నల్లబడే కాగితం, కొన్నేళ్లకు గీత వెలిసిపోతుంది. ఫోనులో ఫొటో తీసి ఉంచండి.