నాలుక వెనుకభాగము



ఈ పూట నేను ఎత్తుకొనిన విషయము నలుగురిలో మాటాడుటకు బిడియము పుట్టించునట్టిది. భుజముపై గొంగళిపురుగు ప్రాకుచున్నచో ఎదుటివారు చెప్పుదురు. పంచె చినిగినను చెప్పుదురు. నోరు వాసన వేయుచున్నదని మాత్రము ఎవ్వరును చెప్పరు. కొంచెము వెనుకకు జరిగి కూర్చుందురు. రేడియోలో నాకు గల సౌకర్యమేమనగా, ఎవ్వరి ముఖమును చూడకయే ఈ మాట చెప్పవచ్చును.

ముందు నా సంగతియే చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట నాలుగేండ్ల నా మనుమరాలు ఒడిలో కూర్చుండి కథ వినుచు, నా గడ్డమును చిన్నచేతితో ప్రక్కకు త్రిప్పి, "తాతా, అటు చూసి చెప్పు" అనెను. మొదట నవ్వితిని. తరువాత నవ్వు రాలేదు. అనుదినమును వేపపుల్లతో పండ్లు తోముకొనువాడను, భోజనమైన పిదప లవంగము నమలువాడను. నాకేమి లోపమని తలచితిని. నా భార్య నడుగగా ఆమె చాలసేపు పలుకక, "చాలా రోజుల నుంచి ఉంది. ఎట్లా చెప్పమంటారు?" అనెను. ఎల్లప్పుడు ఉండు వాసనకు ముక్కు అలవాటుపడును గనుక నాకు తెలియలేదు. అంతకాలమును పంచాయతీలలో ఎందరి చెవికడకు వంగి రహస్యములు పలికితినో తలచుకొని సిగ్గుపడితిని.

పట్టణమునందలి దంతవైద్యునికడకు పోతిని. ఆయన పండ్లు చూచెను, చిగుళ్లు చూచెను; దోషము లేదనెను. పిదప నన్ను నాలుక చాపుమని, చెంచావంటి పనిముట్టుతో దాని వెనుకభాగమును మెల్లగా గీచి, వచ్చిన పసుపుపచ్చని పొరను నా ముక్కునకు చూపెను. అంతకంటె వర్ణింపను. "పుల్లను చీల్చి నాలుక గీచుకొనుచునే యుంటినే!" అంటిని. "ముందుభాగమే గీచుకొనుచున్నారు. అది ఎట్లును శుభ్రముగనే యుండును" అని ఆయన ప్రత్యుత్తరము.

నాలుక నున్నని పలక కాదు, కంబళివలె నూగుగలది. ఆ నూగు సందులలో అన్నపు తునకలు, రాలిన పైచర్మపు పొట్టు, ముక్కునుండి గొంతులోనికి జారు శ్లేష్మము చేరును. నమలునపుడు ముందుభాగము పండ్లకును అంగిటికిని రాచుకొని శుభ్రపడును. వెనుకభాగమునకు ఆ రాపిడి తక్కువ. అచ్చటి పొరలో బాక్టీరియా యను సూక్ష్మజీవులు కాపురముండును. గాలి సోకనిచోట పెరుగు జాతులు వానిలో ముఖ్యమైనవి. అవి మాంసకృత్తులను విరుగగొట్టునపుడు అందలి గంధకము దుష్టవాయువులుగా వెలువడును. హైడ్రోజన్ సల్ఫైడు మురిగిన కోడిగ్రుడ్డు వాసన గలది. మిథైల్ మెర్కాప్టాను కుళ్లిన క్యాబేజీ వాసన గలది. కెనడాదేశమున వాంకూవరునందు జోసెఫ్ టోన్జెటిచ్ అను పండితుడు ఈ వాయువులను పరిశోధించి, 1977లో ఆ విషయమంతయు సమీక్షించి ప్రకటించెను.

నోటిలో జీవులున్నవనుట క్రొత్త మాట కాదు. హాలెండునందు డెల్ఫ్ట్ పట్టణమున బట్టలు అమ్ముకొను లీవెన్‌హుక్ తన పండ్ల సందులనుండి తీసిన తెల్లని పాచిని తాను చేసికొనిన భూతద్దముతో చూచి, కదలాడు చిన్నజీవులను కనిపెట్టి, 1683లో లండనునందలి రాయల్ సొసైటీకి వ్రాసెను. ఆయనయు అనుదినమును ఉప్పుతో పండ్లు తోముకొనువాడే! ఆ సంగతి చదివినపుడు నాకు కొంత ఊరట కలిగినది.

మన యూళ్లలో దీనిని కడుపువేడి అందురు. పలువురి విషయమున అది సరికాదు. పదింట ఎనిమిది తొమ్మిదింటికి మూలము నోటిలోనే యుండును. లాలాజలము ఎండినపుడు వాసన హెచ్చును. నిద్రలో అది మిక్కిలి తగ్గును గనుకనే తెల్లవారినప్పటి నోరు అట్లుండును. ఏకాదశి ఉపవాసమునాటి వాసనకు కారణములలో ఇది యొకటి. వార్ధక్యమున వాడు కొన్ని మందులును నోటిని ఎండగట్టును. ఐనను వైద్యునడుగక మందు మానరాదు, నీరు తరచుగా పుక్కిలించి త్రాగవలెను.

చికిత్స మనవారెరిగినదే. బంగారము, వెండి, రాగి, తగరము, ఇత్తడి వీనితో వంపుగా, వాడి లేకుండ నాలుకబద్ద చేసికొనవలెనని చరకసంహిత చెప్పుచున్నది. బంగారము మాట యటుండనిండు. రాగిదో ఉక్కుదో చాలును. నాలుకను బాగుగా చాపి, మెల్లగా ఊపిరి విడుచుచు, బద్దను ఓకర రానంత వెనుకకు పెట్టి, తేలికగా ముందునకు లాగవలెను. ప్రతిసారి కడిగి నాలుగైదుమార్లు లాగిన చాలును. ఉదయమొకసారి, పడుకొనబోవుముందు ఒకసారి. మొదటి దినములలో ఓకర వచ్చును; నాకు కన్నీళ్లు కూడ వచ్చినవి. వారముదినములలో అలవడును. రక్తము వచ్చునట్లు గీచుట శౌర్యము కాదు, పుండు చేసికొనుట.

లవంగము, యాలకులు, తాంబూలము వాసనను కప్పునేగాని కారణమును తీయవు. కొందరు ఘాటైన మందునీళ్లు నెలలతరబడి పుక్కిలింతురు. క్లోర్‌హెక్సిడిన్ గుణమిచ్చునదే, కాని చిరకాలము వాడినచో పండ్లకు మరకలు పట్టును, రుచి మారును. దంతవైద్యుడు చెప్పినన్ని దినములే వాడవలెను. పైగా నాలుకపై నున్న జీవులన్నియు శత్రువులు కావు. ఆకుకూరలలోని నైట్రేటును మార్చి రక్తపుపోటు నదుపులో నుంచుటకు తోడ్పడునవియు వానిలో కలవు. కట్టుడుపండ్లు గలవారు రాత్రి వానిని తీసి, తోమి, నీటిలో నుంచవలెను.

నాలుక గీచుకొనినను వాసన పోనిచో చిగుళ్లు, పుచ్చుపండ్లు, ముక్కు, గొంతు చూపించుకొనవలెను. మధుమేహము గలవాని శ్వాస పండినపండ్లవలె తీయగా వాసన వేయుచు వాంతులు, మగత యున్నచో ఆ పూటయే ఆసుపత్రికి తీసికొనిపొండు. చుట్ట, పొగాకు అలవాటు గలవారు మరియొకటి గుర్తుంచుకొనవలెను: నోటిలోని పుండుగాని, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చగాని మూడువారములలో మానకున్నచో దానిని గీచుకొనుచు కూర్చుండక వైద్యునికి చూపవలెను.

తమకు ఉన్నదో లేదో తెలియుటకు చెంచా బోర్లించి నాలుక వెనుకభాగమును గీచి, ఒక నిమిషమాగి వాసన చూడుడు. నమ్మదగినవారి నడుగుట ఇంకను మేలు. నేను నెలదినములైన తరువాత మనుమరాలిని పిలిచి నోరు తెరచితిని. అది ముక్కు దగ్గరగా పెట్టి, పెద్ద వైద్యురాలివలె కొంతసేపాలోచించి, "ఇవాళ బాగుంది తాతా. రేపు మళ్లీ చూస్తాను" అనెను.