కోడిగుడ్డు ధర – పింఛనుదారుల వంటిల్లు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పశుసంవర్ధక శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి కనుక గుడ్డు ధర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. కరువు భత్యం గురించి మాట్లాడుకునే వేదికమీద కోడిగుడ్డు ఏమిటని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. రెండూ ఒకే విషయమని నా మనవి.

2025 సంవత్సరాన్నే తీసుకుందాం. ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరులోను, పెరవలి మండలం కానూరులోను కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకింది. జనం భయపడి గుడ్డు మానేశారు. ధర పడిపోయింది. అదే సంవత్సరం డిసెంబరుకు హైదరాబాదులో గుడ్డు చిల్లర ధర ఎనిమిది రూపాయలకు చేరింది. పది నెలల్లో ఇంత మార్పు ఎందుకు?

కోడిపిల్లను పెంచితే అది గుడ్డు పెట్టడానికి సుమారు అయిదు నెలలు పడుతుంది. ధర పడిపోయినప్పుడు రైతు కొత్త పిల్లలను వేయడానికి జంకుతాడు. ఆ లోటు నెలల తరువాత గాని బజారులో కనిపించదు. అప్పుడు ధర పెరిగినా ఉత్పత్తి వెంటనే పెరగదు. దీనికితోడు శ్రావణ, కార్తీక మాసాల్లో మన ఇళ్ళలో వాడకం తగ్గి, కార్తీకం వెళ్ళగానే పెరుగుతుంది. అదే సమయంలో చలికాలమని ఉత్తరాదివారు, బెంగాలువారు ఎక్కువ కొంటారు. మన గుడ్లు లారీలెక్కి అక్కడికీ పోతాయి.

ఇక దాణా. పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. రోజూ పెట్టదు కనుక గుడ్డుకు 120 గ్రాములనుకోండి. మొక్కజొన్న, సోయా ధరలు పెరిగి దాణా కిలోకు అయిదు రూపాయలు పెరిగితే గుడ్డుకు 60 పైసలు ఖర్చు పెరుగుతుంది. కనుక కోళ్ళ రైతును తిట్టి లాభం లేదు. దళారులు చెప్పిన ధరకు అమ్ముకుని నష్టపోతున్న రోజుల్లో, 1982లో డాక్టర్ బి.వి. రావుగారి నాయకత్వంలో రైతులే జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని పెట్టుకున్నారు. రోజూ పత్రికల్లో మనం చూసే ధర ఆ సంఘం సూచించేదే.

ఇప్పుడు మన లెక్క. దంపతులిద్దరూ రోజుకొక గుడ్డు తింటే నెలకు 60. అయిదు రూపాయలప్పుడు 300, ఎనిమిదైతే 480. తేడా 180 రూపాయలు. ఉద్యోగంలో ఉన్నవారికి ఇది లెక్క కాదు. మాత్రలకు, కరెంటు బిల్లుకు, గ్యాసుకు పోగా మిగిలినదానితో నడిచే ఇంట్లో ఇది లెక్కే. గుడ్డు ధర ప్రతి ఉదయం మారుతుంది. కేంద్ర పింఛనుదారులకైనా కరువు భత్యం సవరణ జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి మాత్రమే.

నన్ను బాధించేది ఇంకొకటి. పొదుపు ఎవరి కంచం నుంచి మొదలవుతోంది? కుటుంబ పింఛనుతో బతికే ఒక సోదరి నాతో అన్నారు: "మనవడికి ఒకటి ఉడకబెడితే చాలు బాబాయిగారూ, నాకెందుకు ఈ వయసులో?" ఈ వయసులోనే కావాలమ్మా అన్నాను. వయసు మీరేకొద్దీ కండ తరుగుతుంది. కండ తరిగితే కాలు తడబడుతుంది. పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆస్పత్రి ఖర్చుముందు నూట ఎనభై రూపాయలు ఎంత?

అందుచేత కొన్ని సూచనలు. విడిగా రెండేసి కొనకుండా నాలుగిళ్ళవారు కలిసి ముప్పై గుడ్ల ట్రేలు టోకు దుకాణంలో తెచ్చుకోండి. చవకని చిట్లిన గుడ్లు తేవద్దు. రోగక్రిములు చేరతాయి. అనుమానం వస్తే నీళ్ళలో వేయండి. తేలినది పారేయండి. పెంకు గోధుమరంగులో ఉంటే బలమెక్కువన్న మాట నమ్మి ఎక్కువ ధర పెట్టవద్దు. ఆ రంగు కోడి జాతినిబట్టి వస్తుంది.

వంటలో మన ఆడవారికి నేను చెప్పవలసింది లేదు. రెండు గుడ్ల పొరటులో ఉల్లిపాయ దండిగా వేసి నలుగురికి సరిపెట్టడం, పులుసులో ములక్కాడ, ఆనపకాయ కలిపి గుడ్డును సగానికి కోసి వేయడం వారికి తెలిసిందే. గుడ్డు లేని రోజు మాంసకృత్తులు లేని రోజు కాకూడదు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాములుంటాయి. పాతిక గ్రాముల వేరుసెనగ గింజల్లోను, చిన్న గ్లాసుడు పాలలోను దాదాపు అంతే ఉంటుంది. పప్పులో, పల్లీలలో బి-12 విటమిను లేదు గనుక పాలు, పెరుగు మానవద్దు. గుండెజబ్బు, చక్కెరవ్యాధి ఉన్నవారు పచ్చసొన విషయం తమ డాక్టరును అడగండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. కరువు భత్యం కోసం మనం ఇచ్చే వినతిపత్రాల్లో శాతాలతోపాటు వంటింటి లెక్క కూడా జతచేద్దాం. ప్రతి శాఖలో ఇద్దరు సభ్యులు గుడ్డు, పాలు, పప్పు ధరలు నెలనెలా ఒక పుస్తకంలో రాసిపెడితే చాలు. అంతవరకు ఏ ఇంట్లోనూ ముందుగా ముసలివారి కంచంలో గుడ్డు మాయం కాకుండా చూడవలసిందని పిల్లలను, కోడళ్ళను, ముఖ్యంగా తమ వంతు తామే వదులుకునే తల్లులను కోరుతున్నాను.